చాంప్, కోల్‌కానన్: ఐరిష్ మాష్ బంకలా సాగకుండా, ఉండలు లేకుండా రావాలంటే ఏం చేయాలి?

లిఫీ_ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆదివారం 8 మందికి ఐరిష్ పద్ధతిలో బంగాళాదుంప మాష్ చేయాలి. పక్కన కూరగాయల స్ట్యూ ఉంటుంది. సగం ఉల్లికాడలు వేసే చాంప్‌గా, సగం కేల్ అనే ఆకుకూర వేసే కోల్‌కానన్‌గా చేద్దామని ఆలోచన. కొన్ని సందేహాలున్నాయి.

దుకాణంలో రూస్టర్, కెర్స్ పింక్, గోల్డెన్ వండర్, మారిస్ పైపర్, ఇంకా చిన్న చిన్న బేబీ దుంపలు కనిపిస్తున్నాయి. మాష్‌కి ఏవి తీసుకోవాలి? తొక్క తీసి ఉడికించాలా, తొక్కతోనా? హ్యాండ్ బ్లెండర్ పెడితే మాష్ జిగురులా సాగుతోంది, మాషర్‌తో చేస్తే ఉండలు మిగులుతున్నాయి. ఈ రెండూ లేకుండా ఎలా చేయాలి? పాలు ఎన్ని పోయాలి, వేడివా చల్లవా? ఉల్లికాడలు పచ్చివే కలపాలా? అన్నిటికన్నా ముఖ్యంగా, అతిథులు రావడానికి గంట ముందే చేసి ఉంచితే పాడవుతుందా?

కొలతలతో చెప్తే చాలా మేలు చేసినవారవుతారు.

---

కార్లో_మడి

ముందు దుంప సంగతి తేలాలి. తప్పు దుంప తెచ్చుకుంటే ఎంత ఓపిగ్గా చేసినా ఐరిష్ మాష్ రాదు.

ఇక్కడ ఐర్లండ్‌లో చేసే మాష్‌కి పిండి ఎక్కువ, నీరు తక్కువ ఉన్న రకం కావాలి. ఉడికాక తొక్క దానంతటదే పగలాలి, లోపల పొడిపొడిగా విరగాలి. దుంప బాగుందని చెప్పడానికి ఇక్కడి పెద్దవాళ్లు "పిండి ఉండలే" అంటారు. మంచి మాష్ కావాలంటే దుంపలో వెతకాల్సిన గుణం అదే.

మీరు చెప్పినవాటిలో మొదటి ఎంపిక రూస్టర్. ఎర్ర తొక్క, లోపల లేత పసుపు. కార్లోలోని ఓక్ పార్క్‌లో ఐర్లండ్ వ్యవసాయ పరిశోధన సంస్థ టీగస్క్ వాళ్లు అభివృద్ధి చేసిన రకం ఇది, ఏడాది పొడుగునా దొరుకుతుంది. కళ్లు లోతుగా ఉండవు కాబట్టి చెక్కు తీయడం తేలిక. మధ్యస్థంగా పొడిగా ఉంటుంది, రెండు నిమిషాలు ఎక్కువ ఉడికినా కరిగిపోదు. మొదటిసారి చేసేవాళ్లకి ఇంతకన్నా నమ్మకమైన దుంప లేదు.

కెర్స్ పింక్ రూస్టర్ కన్నా పొడిగా ఉంటుంది, రుచిలో నా ఓటు దీనికే. గులాబీ తొక్క, లోపల తెలుపు. కళ్లు చాలా లోతు. పచ్చిగా చెక్కు తీస్తే బోలెడు కండ పోతుంది, అందుకే తొక్కతో ఉడికించాలి.

గోల్డెన్ వండర్ ఈ నాలుగింటిలో అతి పొడి దుంప. గోధుమరంగు గరుకు తొక్కను బట్టి గుర్తుపట్టవచ్చు. మాష్‌కి అద్భుతంగా ఉంటుంది గానీ నీళ్లలో మరిగిస్తే బయటి భాగం ఊడి నీళ్లలో కలిసిపోతుంది, లోపలేమో ఇంకా గట్టిగానే ఉంటుంది. దాన్ని ఆవిరి మీద తప్ప ఉడికించకండి. పాలు కూడా ఎక్కువ తాగుతుంది. మారిస్ పైపర్ ఫర్వాలేదు, రూస్టర్ దొరక్కపోతే వాడవచ్చు.

బేబీ దుంపలు, సలాడ్ దుంపలు మాత్రం వద్దు. అవి ఉడికినా బిగువుగా, తడిగా ఉంటాయి. గట్టిగా నలిపితే తప్ప మెదగవు, నలిపితే జిగురు వస్తుంది. మీకు బంక రావడానికి బ్లెండరొక్కటే కాదు, దుంప కూడా కారణమై ఉండవచ్చు.

సంచి మీద రకం పేరు లేకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. లీటరు నీళ్లలో 110 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి, పచ్చి దుంపను అందులో వేయండి. మునిగితే పిండి దుంప, తేలితే నీటి దుంప. పిండి ఎక్కువైతే దుంప సాంద్రత పెరుగుతుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. ఒకే సంచిలో రెండు రకాల ఫలితాలూ రావచ్చు, నాలుగైదు దుంపలు వేసి చూడండి.

తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టవద్దు. చల్లదనానికి పిండి కొంత చక్కెరగా మారి మాష్ తీపి తిరుగుతుంది. వెలుతురు తగలని చల్లటి మూల, కాగితపు సంచి, అంతే. పచ్చరంగు తిరిగిన చోట లోతుగా కోసి పారేయాలి, దుంపంతా పచ్చబడితే పూర్తిగా వదిలేయాలి. మట్టితో అమ్మే దుంపలు కడిగినవాటికన్నా ఎక్కువ రోజులు నిలుస్తాయి.

---

గాల్వే_వంటిల్లు

కార్లో_మడి గారు దుంప గురించి చెప్పింది అక్షరాలా నిజం. ఇక వండే పద్ధతి.

సైడ్ డిష్‌గా మనిషికి 250 గ్రాముల పచ్చి దుంపలు లెక్కేసుకోండి. 8 మందికి 2 కిలోలు. కిలో చాంప్‌కి, కిలో కోల్‌కానన్‌కి. కిలో దుంపలకు చాంప్ కొలతలు ఇవి:

పూర్తి కొవ్వున్న పాలు 225 మిల్లీలీటర్లు (ఇంకో 50 పక్కన ఉంచుకోవాలి)
ఉల్లికాడలు 80 గ్రాములు, ఇక్కడ స్కాలియన్స్ పేరుతో అమ్మే కట్ట ఒకటి
ఉప్పు వేసిన ఐరిష్ వెన్న 75 గ్రాములు
ఉప్పు, తెల్ల మిరియాల పొడి

దుంపలన్నీ ఒకే సైజువి ఏరుకోండి, ఒక్కోటి 150 నుంచి 200 గ్రాములు. బాగా రుద్ది కడిగి, తొక్కతోనే అడుగు మందంగా ఉన్న గిన్నెలో పెట్టి, మునిగేలా చన్నీళ్లు పోసి, లీటరుకు 10 గ్రాముల ఉప్పు వేయండి. మరుగు రాగానే సెగ తగ్గించాలి. గలగలా మరగనిస్తే తొక్కలు ముందే పగిలి నీళ్లు లోపలికి పోతాయి.

మరుగు మొదలైన 15 నిమిషాలకు నీళ్లు దాదాపు అన్నీ వంపేసి, అడుగున 2 సెంటీమీటర్లు మాత్రం ఉంచండి. దుంపల మీద మడత పెట్టిన శుభ్రమైన నూలు గుడ్డ పరచి, మూత పెట్టి, సన్న సెగ మీద ఇంకో 20 నుంచి 25 నిమిషాలు ఆవిరికి వదిలేయండి. గుడ్డ అంచులు బయటికి వేలాడి మంటకు తగలకుండా చూసుకోవాలి. మూత నుంచి కారే చెమ్మను గుడ్డ పీల్చుకుంటుంది, కాబట్టి దుంప మీద నీళ్లు పడవు. ఐర్లండ్ ఇళ్లలో పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి ఇది. పొడి మాష్ రావడానికి దీనికి సాటి వచ్చేది నాకు కనపడలేదు. మధ్యలో ఒకసారి అడుగున నీళ్లున్నాయో లేదో చూడండి, ఇంకిపోతే అర కప్పు మరిగే నీళ్లు పక్క నుంచి పోయండి.

అన్నిటికన్నా పెద్ద దుంప నడిమధ్యకు సన్న కత్తి గుచ్చితే ఏ అడ్డూ తగలకూడదు. చిన్నదానికి గుచ్చి తృప్తి పడవద్దు, ఉండలన్నీ పెద్దవాటి మధ్య నుంచే వస్తాయి.

దుంపలు ఆవిరి మీద ఉండగానే పాల పని చూసుకోవాలి. ఉల్లికాడల్ని తెల్లభాగం, ఆకుపచ్చభాగం విడివిడిగా అర సెంటీమీటరు ముక్కలుగా తరగండి. తెల్లవి చల్లటి పాలలో వేసి, పొంగు వచ్చేదాకా కాచి, సెగ తగ్గించి 4 నిమిషాలు ఉంచండి. పచ్చవి చివరి నిమిషంలో వేసి మూత పెట్టేయండి. పచ్చి ఉల్లికాడలు నేరుగా మాష్‌లో కలిపితే ఘాటు దేనికదే విడిగా తెలుస్తుంది. పాలలో ఉడికితే ఆ రుచి మాష్ అంతటా పాకుతుంది. చాంప్ రుచంతా ఆ పాలలోనే ఉంది.

దుంపల్ని వేడిగా ఉండగానే వొలవాలి. ఫోర్కుతో గుచ్చి పట్టుకుని కత్తి మొనతో లాగితే తొక్క పొరలా వచ్చేస్తుంది. వొలిచినవాటిని వెంటనే ఖాళీ చేసిన అదే గిన్నెలో వేసి మూత పెడుతూ ఉండండి. అన్నీ అయ్యాక సన్న సెగ మీద ఒక నిమిషం పెట్టి, మిగిలిన చెమ్మ ఆవిరైపోనివ్వాలి.

తర్వాతి మాట ముఖ్యం. ముందు ఏమీ పోయకుండా పొడిగానే మెదపాలి. మాషర్‌ను నిట్టనిలువుగా దించుతూ, లేపుతూ, ఒక్క ఉండ కూడా లేదనిపించేదాకా. చాలామంది పాలు పోసి మెదుపుతారు. పాలు పడగానే ఉండలు మాషర్ కింద నుంచి జారి తప్పించుకుంటాయి, తర్వాత ఎంత నొక్కినా దొరకవు. మీ ఉండల సమస్యకు అసలు కారణం ఇదే అయ్యుంటుంది.

పొడిగా మెదిగాక పాలను మళ్లీ పొంగు దాకా వేడిచేసి, మూడింట రెండు వంతులు ఒకేసారి పోసి, చెక్క గరిటెతో కింద నుంచి పైకి తిప్పండి. మిగతావి చూసుకుంటూ పోయాలి. గరిటెతో తీసి పెడితే కుప్పగా నిలబడి, అంచులు మాత్రం నెమ్మదిగా జారాలి. మొదట కాస్త పలచగా ఉన్నా భయం లేదు, రెండు నిమిషాల్లో బిగుస్తుంది. 25 గ్రాముల వెన్న, మిరియాల పొడి కలిపి, రుచి చూశాకే ఉప్పు వేయండి. తొక్కతో ఉడికిన దుంపకు నీళ్లలోని ఉప్పు పెద్దగా పట్టదు, వెన్నలో ఉప్పుంది. సాధారణంగా కిలోకు ఇంకో ఒక చెంచా దాకా పడుతుంది.

వడ్డించేటప్పుడు ఒక్కో పళ్లెంలో కుప్పగా పెట్టి, నడుమ గరిటె వెనక భాగంతో గుంట చేసి, మిగిలిన వెన్నను ముక్కలుగా అందులో వేయండి. అంచుల నుంచి తీసుకుంటూ కరిగిన వెన్నలో అద్దుకుని తినడం చాంప్ తినే పద్ధతి. అందుకే వెన్నంతా ముందే కలిపేయకూడదు.

---

పిండి_కణం

బంక ఎందుకు వస్తుందో తెలిస్తే ఎక్కడ ఆగాలో కూడా తెలుస్తుంది.

దుంపలో పిండి చిన్న చిన్న కణాల లోపల మూటగట్టి ఉంటుంది. దాదాపు 60 డిగ్రీలు దాటాక ఆ పిండి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఇంకా వేడెక్కితే కణాల్ని ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్ వదులవుతుంది. బాగా ఉడికిన వేడి దుంపను పైనుంచి నొక్కితే కణాలు పగలకుండా విడిపోతాయి. మెత్తగా, పొడిగా తగిలేది ఆ విడి కణాలే. బ్లేడు తిరిగితే కణాల గోడలు తెగుతాయి, లోపలి పిండి బయటికొచ్చి తేమతో కలిసి జిగురవుతుంది. హ్యాండ్ బ్లెండర్, ఫుడ్ ప్రాసెసర్, మిక్సీ జార్, ఏదైనా ఫలితం ఒకటే. ఎంత తక్కువ సేపు తిప్పినా మాష్‌కి అవి పనికిరావు.

దుంప చల్లారాక మెదిపినా ఇదే ప్రమాదం. చల్లబడితే కణాల మధ్య అతుకు మళ్లీ బిగుస్తుంది, నొక్కినప్పుడు విడిపోవడానికి బదులు పగులుతాయి. చల్లటి పాలు పోయవద్దనడానికి కారణం కూడా కొంత ఇదే. మాషర్‌ను గిన్నెలో గుండ్రంగా రుద్దడం, గరిటెతో నిమిషాల తరబడి చిలకడం కూడా మెల్లగా బ్లెండర్ పనే చేస్తాయి. ఉండలు లేని మాష్ తప్పనిసరి అనుకుంటే రైసర్ కొనుక్కోండి. సన్నటి చిల్లుల్లోంచి దుంపను ఒక్కసారి నొక్కి వదిలే పరికరం అది. జల్లెడ మీద గరిటెతో నొక్కినా చాలు, పక్కలకు రాయకుండా కిందికి నొక్కాలి.

చెక్కు తీసి ఉడికించేవాళ్లకు: ముక్కలు 4 సెంటీమీటర్లకు తగ్గకుండా కోయండి. చిన్న ముక్కలు నీళ్లు ఎక్కువ పీలుస్తాయి. కోశాక ఒకసారి కడిగితే కోత మీది విడి పిండి పోతుంది. చన్నీళ్లలో మొదలుపెట్టాలి, మరిగే నీళ్లలో వేస్తే లోపల ఉడికేలోపు బయట చిట్లుతుంది. వార్చాక చిల్లుల గిన్నెలో 3 నిమిషాలు ఆరనివ్వండి, అంచులు తెల్లగా పొడిబారినట్టు కనిపించాలి.

నీటి దుంపలే దొరికితే ఒక ఉపాయం ఉంది. చెక్కు తీసి 2 సెంటీమీటర్ల చక్రాలుగా కోసి, 70 డిగ్రీల నీళ్లలో 30 నిమిషాలు ఉంచి, పూర్తిగా చల్లార్చి, అప్పుడు కొత్త నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించాలి. ఆ మధ్యలో చల్లారినప్పుడు పిండిలో జిగురునిచ్చే భాగం గట్టిపడి, తర్వాత అంత తేలిగ్గా బయటికి రాదు. థర్మామీటర్ కావాలి, గంటన్నర పడుతుంది. రూస్టర్ దొరికే చోట ఈ కష్టం అనవసరం.

ఒక్క విషయంలో గాల్వే_వంటిల్లు గారితో విభేదిస్తాను. పాలకన్నా ముందు వెన్న వేయాలి. కొవ్వు ముందు పట్టుకుంటే పిండి తడిని అంత త్వరగా పీల్చుకోదు, మాష్ నున్నగా వస్తుంది.

---

గాల్వే_వంటిల్లు

మీరు చెప్పిన క్రమం ఫ్రెంచ్ పద్ధతి ప్యూరేకి సరైనదే. అక్కడ వెన్న పాళ్లు చాలా ఎక్కువ, నునుపే లక్ష్యం. చాంప్‌లో లోపల కలిసే వెన్న కిలోకు 25 గ్రాములే, పాలు మరిగేవి. పొడి దుంపను చేత్తో మెదిపినప్పుడు ఆ క్రమం వల్ల తేడా పెద్దగా తెలియదు. చల్లటి వెన్న ముందు వేస్తే గిన్నె వేడి తగ్గుతుంది కూడా. ముందు వేయాలనుకునేవాళ్లు కరిగించి వేసుకోవచ్చు. కానీ నీటి దుంపలతో చేయాల్సి వస్తే మీ మాటే పాటించాలి, ఒప్పుకుంటాను.

---

లిఫీ_ఒడ్డు

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. బ్లెండర్ పక్కన పెట్టేశాను, రూస్టర్ 2 కిలోలు తెస్తాను. ఇంకో రెండు సంగతులు మిగిలాయి. కోల్‌కానన్‌లో కేల్ కలిపాక నీళ్లు ఊరి మాష్ పలచబడుతోంది, ఎందుకు? గంట ముందు చేసి ఉంచడం సాధ్యమేనా? కొన్ని వంటకాల్లో పాలకు బదులు బటర్‌మిల్క్ అని ఉంది, అదీ చెప్పండి.

---

డోనెగల్_గుత్తి

కోల్‌కానన్ సంగతి నేను చెప్తాను.

నీళ్లు ఊరడానికి కారణం ఆకును పిండకపోవడం. కిలో దుంపలకు 200 గ్రాముల కర్లీ కేల్ తీసుకోండి. నడిమి ఈనెను పట్టుకుని ఆకును లాగేసి, ఈనెలు పక్కన పెట్టేయండి, అవి ఆకుతో పాటు ఉడకవు. పెద్ద గిన్నెలో ఉప్పునీళ్లు బాగా మరిగాక ఆకు వేసి, మూత లేకుండా 5 నిమిషాలు ఉడికించండి. మూత పెడితే పచ్చరంగు చచ్చి ఖాకీ రంగుకు తిరుగుతుంది. వార్చి, చన్నీళ్లు చిలకరించి, చేతికి పట్టేంత చల్లారాక గుప్పెడు గుప్పెడు తీసుకుని గట్టిగా పిండండి. ఇంక చుక్క రాదనుకున్నాక గుడ్డలో చుట్టి ఇంకోసారి పిండండి, ఇంకా వస్తాయి. తర్వాత సన్నగా తరిగి, 25 గ్రాముల వెన్నలో రెండు నిమిషాలు వేయించి వేడిగా కలపాలి. చల్లటి ఆకు కలిపితే మాష్ చల్లారి అక్కడక్కడ గడ్డ కడుతుంది.

కేల్ బదులు సవాయ్ క్యాబేజీ అయితే ఇంకా తేలిక. 250 గ్రాములు, గట్టి మొదలు తీసేసి, సన్నని పోగుల్లా తరిగి, 3 చెంచాల నీళ్లు, 25 గ్రాముల వెన్నతో మూత పెట్టి 5 నిమిషాలు మగ్గించాలి. చివర మూత తీసి నీరంతా ఇంకనివ్వండి. దీన్ని పిండాల్సిన పని లేదు, రుచంతా ఆ వెన్ననీళ్లలో ఉంటుంది. తెల్ల క్యాబేజీ వాడవచ్చు గానీ ఎక్కువ ఉడికితే ఘాటైన వాసన వస్తుంది.

కోల్‌కానన్‌కి పాలు చాంప్ కన్నా తక్కువ పోయండి, కిలోకు 175 మిల్లీలీటర్లు చాలు. ఆకులో ఎంతోకొంత తడి ఎలాగూ ఉంటుంది. ఉల్లికాడలు ఇందులోనూ పాలలో వేసుకోవచ్చు, కొందరు ఉల్లిజాతికే చెందిన లీక్స్ వేస్తారు. మాష్ పూర్తయ్యాకే ఆకు వేసి, నాలుగైదు మలుపుల్లో కలిపి ఆపేయాలి. మాషర్‌తో ఆకును నొక్కితే మాష్ అంతా పచ్చబడుతుంది. తెల్లటి మాష్‌లో పచ్చటి ముక్కలు విడిగా కనిపించాలి.

బటర్‌మిల్క్ గురించి: పాలన్నిటికీ బదులుగా వద్దు. పాలు 175 పోసి, మిగిలిన 50 మిల్లీలీటర్లు గది వేడిమిలో ఉన్న బటర్‌మిల్క్ పోయండి, అదీ పొయ్యి మీద నుంచి దించాక, అన్నిటికన్నా చివర. మరిగిస్తే విరిగిపోతుంది. కొద్దిపాటి పులుపు వెన్న బరువును తేలిక చేస్తుంది. చాంప్ తింటూ పక్కన గ్లాసుడు చల్లటి బటర్‌మిల్క్ తాగడం ఐర్లండ్‌లో పాత అలవాటు, అది ఇంకా బాగుంటుంది.

డోనెగల్‌లో చాంప్‌ను పౌండీస్ అంటారు. పూర్వం బీటిల్ అనే కర్రతో దంచేవారు. పప్పుగుత్తికి బారెడు పిడి తగిలించినట్టు ఉంటుంది, నిలబడి పెద్ద గిన్నెలో పైనుంచి దంచుతారు. నిలువుగా దంచాలి, రుద్దకూడదు అని పైన చెప్పిన నియమం ఆ పనిముట్టులోనే ఉంది. ఇంట్లో లోహపు మాషర్ లేకపోతే గట్టి చెక్క పప్పుగుత్తి నిజంగానే పనికొస్తుంది, కాకపోతే కొద్దికొద్దిగా మెదుపుకోవాలి.

మీరు చేసేది హాలోవీన్‌కి దగ్గర్లో అయితే ఇంకో ముచ్చట. ఆ రాత్రి కోల్‌కానన్‌లో నాణెం, ఉంగరం లాంటివి దాచి వడ్డించేవారు. నాణెం వచ్చినవారికి డబ్బు, ఉంగరం వచ్చినవారికి పెళ్లి అని నమ్మకం. చేస్తే కడిగిన నాణేన్ని బేకింగ్ కాగితంలో పెద్ద పొట్లంగా చుట్టి, అందరికీ ముందే చెప్పి వడ్డించండి. చిన్నపిల్లల పళ్లేల్లో పెట్టవద్దు.

---

గాల్వే_వంటిల్లు

గంట ముందు చేసుకోవచ్చు, రెండు జాగ్రత్తలతో. మాష్‌ను మామూలుకన్నా కొంచెం పలచగా చేసి, వేడి గిన్నెలోకి తీసి, పైభాగం చదును చేసి, 50 మిల్లీలీటర్ల వేడి పాలు పైన పోసి కలపకుండా వదిలేయండి. ఆ పాలు పైన పొరలా నిలిచి చెక్కు కట్టనివ్వవు. మూత పెట్టి, సన్నగా మరుగుతున్న నీళ్ల గిన్నె మీద కూర్చోబెట్టండి, నీళ్లు గిన్నె అడుగుకు తగలకూడదు. వడ్డించే ముందు ఒకసారి కలిపితే ఆ పాలు లోపలికి కలిసిపోతాయి. లోపలి వేడి 63 డిగ్రీలకు తగ్గకూడదు, అంతకన్నా చల్లగా గంటలు గంటలు నిలవ ఉంచడం ఆరోగ్యానికి మంచిది కాదు.

రెండోది, పచ్చనివన్నీ చివర్లోనే. ఉల్లికాడల తెల్లభాగం పాలతో ముందే కలిపేయండి. ఆకుపచ్చ ముక్కలు, కేల్ మాత్రం వడ్డించే ముందు వేడిచేసి కలపండి. ఆవిరి మీద గంట ఉంటే రెండూ రంగు పోగొట్టుకుంటాయి. మీకు ఇందులో ఇంకో సౌకర్యం ఉంది: 2 కిలోలూ ఒకే మాష్‌గా చేసి ఉంచి, చివరి 5 నిమిషాల్లో రెండుగా విడదీస్తే సరిపోతుంది. అలా చేసేటప్పుడు మొత్తానికి 400 మిల్లీలీటర్ల పాలు దాటవద్దు, పైన నిలిపే 50 కూడా అందులోదే. చాంప్ భాగానికి ఇంకా కావాలంటే తర్వాత చేర్చుకోవచ్చు.

ఎక్కడైనా తేడా వస్తే: పలచనైతే సన్న సెగ మీద మూత తీసి, అడుగంటకుండా గరిటెతో మెల్లగా కదుపుతూ 3 నిమిషాలు ఉంచండి. మైదా, కార్న్‌ఫ్లోర్ వేయవద్దు, పచ్చివాసన వస్తుంది. బిగుసుకుపోతే వేడి పాలు చెంచా చెంచాగా. ఉండలు కనిపిస్తే జల్లెడ. బంకైపోతే మాత్రం వెనక్కి తేలేం. దాన్ని పళ్లెంలో పరచి, పైన చెడ్డార్ చీజ్ తురిమి, 200 డిగ్రీల ఓవెన్‌లో పైభాగం ఎర్రబడేదాకా కాల్చండి. లేదా లీక్స్ సూప్ చిక్కబడటానికి వాడుకోండి, ఆ జిగురు అక్కడ పనికొస్తుంది.

---

కార్లో_మడి

మిగిలితే ఏం చేయాలో కూడా రాసేస్తాను, 2 కిలోలకు తప్పకుండా కాస్త మిగులుతుంది.

వెడల్పు పళ్లెంలో పరచి త్వరగా చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజుల్లో వాడేయండి. మళ్లీ తినేటప్పుడు కొంచెం పాలు చల్లి, లోపలిదాకా పొగలు కక్కేలా వేడిచేయాలి. చల్లారిన మాష్ మొదటి రోజంత మృదువుగా రాదు, అందుకే నేనైతే వేడిచేయడం కన్నా పొటేటో బ్రెడ్‌కే ఓటేస్తాను. ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్స్టర్‌లో దీన్ని ఫాడ్జ్ అంటారు.

500 గ్రాముల మాష్‌కి 100 గ్రాముల మైదా, కరిగించిన వెన్న 30 గ్రాములు, చిటికెడు ఉప్పు. మాష్‌ను మైక్రోవేవ్‌లో గోరువెచ్చగా చేసుకోండి, ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు కలిపితే ఒత్తేటప్పుడు అంచులు పగులుతాయి. ముద్ద దగ్గరపడేదాకా కలిపి ఆపేయాలి, పిసికితే గట్టిపడుతుంది. చేతికి బాగా అంటుకుంటుంటే ఇంకో 20 గ్రాముల మైదా. ఒక సెంటీమీటరు మందంతో గుండ్రంగా ఒత్తి నాలుగు ముక్కలుగా కోయండి. నూనె లేకుండా, పెనం మీద కాస్త మైదా చల్లి, సన్న సెగ మీద ఒక్కో వైపు 5 నిమిషాలు. సెగ ఎక్కువైతే బయట మాడి లోపల మైదా పచ్చిగా ఉంటుంది.

చాంప్ మిగిలితే ఇలా బాగుంటుంది. కోల్‌కానన్‌లో ఆకు ఉంది కాబట్టి పలచగా ఒత్తబోతే చిరుగుతుంది. దాన్ని మైదా లేకుండా అరచేతి వెడల్పు బిళ్లలుగా చేసి, వెన్నలో కదపకుండా ఒక్కో వైపు 6 నిమిషాలు వేయించండి. అడుగు పెనాన్ని దానంతటది వదిలిపెట్టాకే తిప్పాలి.